కిలో ఉప్పు ఎన్నాళ్ళు రావాలి? లెక్కకు ఏ దారి, తగ్గింపుకు ఏ దారి

మా నాన్నకు బీపీ మాత్ర ఒకటి నుంచి రెండుకు పెరిగిన రోజు, డాక్టరు చీటీ చివర ఒక మాట రాశారు: ఉప్పు తగ్గించాలి. ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, "ఎంత నుంచి ఎంతకు?" అని. మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. రోజూ ఎంత తింటున్నామో తెలియకపోతే తగ్గిందో లేదో మాత్రం ఎలా తెలుస్తుంది?

తిరుపతిలో మాది నలుగురి సంసారం. అమ్మ, నాన్న, నేను, పదమూడేళ్ళ మా అమ్మాయి. నాన్నది పలమనేరు వైపు పల్లె. రాత్రిపూట సంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి లేకపోతే ఆయనకు తిన్నట్టే ఉండదు. ఆ చీటీ వచ్చినప్పటి నుంచి ఏడాది పాటు ఉప్పును లెక్కపెట్టే పద్ధతులూ, తగ్గించే పద్ధతులూ ఒక్కొక్కటే చేసి చూశాం. వాటిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు, ఎవరికి ఏది నప్పుతుంది అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు కొన్ని అంకెలు దగ్గర పెట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. చదునుగా నింపిన ఒక టీ చెంచా కంటే అది కాస్త తక్కువే. కూరలో వేసింది, ఊరగాయలో ఉన్నది, హోటల్లో తిన్నది, బిస్కెట్లో దాగింది, అన్నీ కలిపి అంత. మన దేశంలో సగటున ఒక్కొక్కరు 8 గ్రాముల దాకా తింటున్నారని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త పరిశీలనలో తేలింది. అందులో మగవాళ్ళ సగటు 9కి దగ్గరగా, ఆడవాళ్ళది 7 దగ్గర ఉంది. ఇక ప్యాకెట్ల మీద ఉప్పు అని కాకుండా సోడియం అని రాస్తారు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 2000 మిల్లీగ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పన్నమాట. ఈ ఒక్క గుణింతం వస్తే చాలు, దుకాణంలో ఏ ప్యాకెట్ అయినా చదువుకోవచ్చు.

లెక్కకు నాలుగు దారులు

మొదట అందరిలాగే నేనూ ఫోనులో యాప్ పెట్టుకున్నాను. ఉదయం దోశ, మధ్యాహ్నం పప్పు, చారు అని రాస్తే అది సోడియం ఇంత అని చెబుతుంది. రెండు వారాలు శ్రద్ధగా రాశాను. అప్పుడు ఒక సంగతి అర్థమైంది. ఆ యాప్‌లో ఉన్న "ఒక గిన్నె పప్పు" ఎవరి పప్పో నాకు తెలియదు. మా అమ్మ చేతి పప్పులో ఉప్పెంతో దానికి తెలియదు. బియ్యం, నూనె, పప్పు లెక్కలకు యాప్ బాగానే పనికొస్తుంది, ఎందుకంటే ఎవరింట్లోనైనా కప్పు అన్నం కప్పు అన్నమే. ఉప్పు అలా కాదు. ఒకే వంటకంలో ఇంటింటికీ రెట్టింపు తేడా ఉండవచ్చు. బ్రెడ్డు, బిస్కెట్లు, నూడుల్స్, చిప్స్ లాంటి ప్యాకెట్ సరుకు మీదే ఎక్కువగా బతికే వాళ్ళకు, హాస్టల్లో ఒంటరిగా ఉండే పిల్లలకు యాప్ మంచిదే. పొయ్యి మీద మూడు పూటలూ వండుకునే ఇంటికి అది సరైన కొలత కాదు.

రెండోది కాటా. కొన్ని వందల రూపాయల్లో దొరికే చిన్న వంటింటి కాటా కొన్నాను. చిటికెడు ఉప్పు దాని మీద వేస్తే అంకె కదలనట్టే ఉంటుంది. అది ఒక్కో గ్రాము చొప్పునే చూపిస్తుంది కాబట్టి చిన్న తూకాలు సరిగా రావు. అందుకని చిటికెడును తూచడం మానేసి డబ్బాను తూచాను. వండేముందు ఉప్పు డబ్బాను కాటా మీద పెట్టి అంకె రాసుకోవడం, వండాక మళ్ళీ పెట్టి చూడడం. రెంటికీ ఉన్న తేడాయే గిన్నెలోకి వెళ్ళిన ఉప్పు. అమ్మ చెయ్యి నేను కొలవలేదు, ఆమె తన అలవాటు ప్రకారమే వేసింది. ఆ రోజు అంకెలు ఇంకా నా పుస్తకంలో ఉన్నాయి. పొద్దున దోశ పిండిలో 6 గ్రాములు, చట్నీలో 4. మధ్యాహ్నం పప్పులో 9, చారులో 7, బెండకాయ వేపుడులో 4. రాత్రి ఊరిబిండిలో 5, మజ్జిగలో 3. కూడితే 38. నలుగురికి పంచితే మనిషికి తొమ్మిదిన్నర గ్రాములు. ఊరగాయ ఇందులో లేదు.

కాటా పద్ధతిలో ఉన్న గొప్ప గుణం ఇదే. ఏ వంటకం ఎంత మింగుతోందో అది విడివిడిగా చూపిస్తుంది. చారులో 7 గ్రాములు ఉంటుందని మాలో ఎవరూ అనుకోలేదు. మజ్జిగలో 3 గ్రాములంటే అమ్మే నమ్మలేదు, మళ్ళీ తూచమంది. కానీ రోజూ ఇలా తూచుకుంటూ వంట చెయ్యడం ఎవరివల్లా కాదు. మూడు రోజులు చేస్తే చాలు. ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారం, ఒకటి చుట్టాలు వచ్చిన రోజు. ఎక్కడ తగ్గించాలో ఆ మూడు రోజుల్లో తెలిసిపోతుంది.

మూడోది నేను అందరికీ ముందుగా చెప్పే పద్ధతి, ప్యాకెట్ లెక్క. కిలో ప్యాకెట్ కత్తిరించి డబ్బాలో పోసిన రోజు ఒక కాగితం ముక్క మీద తేదీ రాసి డబ్బాకు అంటించండి. మళ్ళీ ప్యాకెట్ కత్తిరించే రోజు వరకూ ఎన్ని రోజులైందో చూడండి. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 5 గ్రాములంటే ఇంటికి 20 గ్రాములు, కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మనిషికి 8 గ్రాములైతే 31 రోజులకే అయిపోతుంది. నెల సరుకుల చీటీలో ప్రతిసారీ కిలో ఉప్పు రాస్తున్న నలుగురి ఇల్లు ఏదైనా ఉంటే, ఆ చీటీయే వాళ్ళ సగటు చెబుతోందన్నమాట. మాకు మొదటి ప్యాకెట్ 26 రోజులు వచ్చింది. కాటా చెప్పిన 38 గ్రాములతో అది చక్కగా సరిపోయింది.

ఈ పద్ధతిలో రెండు జాగ్రత్తలున్నాయి. ఆకుకూర కడగడానికి, గొంతు పుక్కిలించడానికి, ఊరగాయ పెట్టడానికి వాడే ఉప్పు వేరే డబ్బాలో ఉండాలి, లేకపోతే లెక్క చెడిపోతుంది. రెండోది, ఊరగాయ, అప్పడాలు, బయటి తిండి ద్వారా లోపలికి పోయే ఉప్పు ఈ డబ్బాలో కనిపించదు. అందుకని 50 రోజులు వచ్చిందంటే హద్దులో ఉన్నామని కాదు. ఇంటి డబ్బా నుంచి మనిషికి 4 గ్రాములే వాడుకుని, మిగిలిన ఒక్క గ్రామూ బయటివాటికి వదిలేస్తే కిలో 62 రోజులు వస్తుంది. అది అందుకోవాల్సిన గమ్యం. ఇంట్లో అయిదుగురుంటే ఆ నాలుగు గ్రాముల లెక్కకు 50 రోజులు, ముగ్గురుంటే 83. పిల్లల హద్దు పెద్దవాళ్ళకంటే తక్కువ కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకొన్ని రోజులు ఎక్కువే రావాలి.

నాలుగోది పరీక్ష. మనం తిన్న ఉప్పులో దాదాపు తొంభై శాతం మూత్రంలోనే బయటికి పోతుంది. అందుకని ఒక పగలూ రాత్రీ మూత్రమంతా పట్టి సోడియం చూస్తే, ఆ మనిషి ఆ రోజు ఎంత ఉప్పు తిన్నాడో తెలుస్తుంది. పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రం వదిలేసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిది కలుపుకొని అంతా లాబొరేటరీ వాళ్ళిచ్చిన డబ్బాలో పట్టాలి. ఒక్కసారి మరిచిపోయినా లెక్క తప్పుతుంది. ఫలితం మిల్లీమోల్స్ అనే కొలతలో వస్తే 17 మిల్లీమోల్స్‌ను ఒక గ్రాము ఉప్పుగా చూసుకోవాలి. 100 వస్తే సుమారు 6 గ్రాములు. ఇంటి సగటు కాకుండా ఒక్క మనిషి లెక్క చెప్పగలిగేది ఈ నాలుగింటిలో ఇదొక్కటే. అయితే నిన్న పెళ్ళి భోజనం తిన్నవాడికీ, ఇంట్లో పప్పన్నం తిన్నవాడికీ ఒకే అంకె రాదు. ఒక రోజు ఫలితాన్ని పట్టుకుని ఏడాదంతా ఇలాగే తింటున్నామని అనుకోకూడదు. నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వేసుకునేవాళ్ళ విషయంలో ఆ అంకెను డాక్టరే చదవాలి. ఎన్ని మందులు వాడినా బీపీ దిగకపోయినా, కిడ్నీ సమస్య ఉన్నా, ఈ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగడం మంచిది. మామూలు ఇళ్ళకు ప్యాకెట్ మీద తేదీ చాలు.

ఇంట్లో బీపీ మిషను ఉంది కదా, ఉప్పు తగ్గితే అదే చూపిస్తుంది కదా అని మా చుట్టాలొకరు అన్నారు. అది ఉప్పును కొలవదు. నిద్ర చాలకపోయినా, మెట్లెక్కి వచ్చి కూర్చున్నా అంకె మారుతుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, రెండుసార్లు చూసి, వారాల తరబడి రాసుకుంటే మాత్రం అది మంచి తోడు.

ఏ ఉప్పు కొనాలి

తిరుపతి అంగళ్ళలో ఇప్పుడు ఒకే అరలో అయిదు రకాల ఉప్పు కనిపిస్తుంది. మెత్తటి అయోడిన్ ఉప్పు, కల్లుప్పు, సైంధవ లవణం, నల్లుప్పు, తక్కువ సోడియం ఉప్పు. ధరలో మొదటిదానికీ చివరివాటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా మొత్తం ఆరోగ్యం కోసమే అనుకుని కొనేవాళ్ళు ఎక్కువ.

సైంధవ లవణం గులాబి రంగులో ఉన్నా, నల్లుప్పుకు ఆ వాసన ఉన్నా, రెండింటిలోనూ ప్రధానంగా ఉన్నది సోడియం క్లోరైడే. వాటిలో ఉందని చెప్పే ఇనుము, మెగ్నీషియం లాంటివి మనం రోజుకు తినే అయిదు గ్రాముల్లో లెక్కకు రానంత తక్కువ. బీపీ కోసం మామూలు ఉప్పు మానేసి సైంధవం కొనడంవల్ల సోడియం తగ్గదు. పైగా ఇవి చాలావరకు అయోడిన్ కలపకుండా వస్తాయి. మన దేశంలో నేరుగా తినే ఉప్పును అయోడిన్ లేకుండా అమ్మకూడదని 2006లో మళ్ళీ నిబంధన తెచ్చారంటే అందుకు బలమైన కారణముంది. అయోడిన్ చాలకపోతే థైరాయిడ్ ఉబ్బుతుంది, గర్భిణి కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మనం తగ్గించుకోవాల్సింది ఉప్పును, అయోడిన్‌ను కాదు. తినే కొద్దిపాటి ఉప్పూ అయోడిన్ ఉన్నదే అయి ఉండాలి.

కల్లుప్పు మీద మా అమ్మకు గురి. మెత్తటి ఉప్పు కంటే అది మంచిదని ఆమె నమ్మకం. నేను చెంచాతో తూచి చూపించాను. చెంచా కల్లుప్పు చెంచా మెత్తటి ఉప్పు కంటే తేలికగా తూగింది, గడ్డల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి. కానీ అమ్మ చెంచా చూసి వెయ్యదు, నాలుకకు సరిపడేదాకా వేస్తుంది. గ్రాముకు గ్రాము రెండూ ఒకటే. కాబట్టి కల్లుప్పు అలవాటున్నవాళ్ళు ప్యాకెట్ మీద అయోడిన్ గుర్తు చూసుకుని దాన్నే వాడుకోవచ్చు. తగ్గించడానికని కల్లుప్పుకు మారాల్సిన పనిలేదు.

ఇక అసలు ఆలోచించాల్సింది తక్కువ సోడియం ఉప్పు గురించి. ఇందులో సోడియం క్లోరైడ్‌లో కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. సోడియం బీపీని పెంచితే పొటాషియం దించుతుంది కాబట్టి లాభం రెండు వైపుల నుంచీ వస్తుంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద అయిదేళ్ళ దాకా చేసిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. ముప్పాతిక భాగం మామూలు ఉప్పు, పావు భాగం పొటాషియం ఉప్పు కలిపి వాడిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు 12 శాతం తగ్గాయి. ఉప్పు డబ్బా మార్చినందుకు అంత ఫలితం రావడం చిన్న సంగతి కాదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పును వాడవచ్చని సూచించింది. అయితే పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు, పొటాషియం బయటికి పోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఆ సూచన వర్తించదని చెప్పింది.

ఆ చివరి మాటను దయచేసి తేలికగా తీసుకోవద్దు. కిడ్నీలు సరిగా పనిచెయ్యనివాళ్ళ ఒంట్లో పొటాషియం నిలిచిపోతుంది. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళలో కిడ్నీ దెబ్బతిన్న సంగతి పరీక్ష చేస్తేగానీ తెలియదు. బీపీకి రోజూ వేసుకునే టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ లాంటి మాత్రలు, స్పైరనోలాక్టోన్ అనే నీటి మాత్ర కూడా ఒంట్లో పొటాషియాన్ని నిలిపేవే. అంటే ఏ బీపీ రోగి కోసం ఈ ఉప్పు కొందామనుకుంటామో, ఆ మనిషే జాగ్రత్తపడాల్సిన వాడు కావచ్చు. నాన్న వేసుకునేది టెల్మిసార్టన్. అందుకని ముందు రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూపించి, డాక్టరును అడిగాం. మరీ అవసరం లేదు, ఉన్న ఉప్పే తగ్గించుకోండి అన్నారు. అంతటితో ఆ ఆలోచన మానేశాం.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు మాత్రమే ఉన్న ఇల్లయితే, పరీక్షల్లో కిడ్నీలు బాగున్నాయని తేలితే తక్కువ సోడియం ఉప్పు మంచి ఎంపికే. కొనేముందు సోడియం ఎంత తగ్గిందో ప్యాకెట్ మీద చదవండి. కొన్నింటిలో తగ్గేది 15 శాతమే. తక్కువ సోడియం కదా అని చెయ్యి కాస్త ముందుకు వెళ్తే ఆ పదిహేనూ పోతుంది. మా ఇంట్లో ఖర్చేమీ లేకుండా చెంచా తగ్గించి తెచ్చుకున్న తగ్గింపు 45 శాతం.

గిన్నెలో తగ్గించడమా, పళ్ళెంలో తగ్గించడమా

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు" అని ఊరికే అనలేదు. ఉప్పు తగ్గిన వంట ముందు ఎవరికీ రుచించదు. అందుకే చాలా ఇళ్ళల్లో బీపీ ఉన్న మనిషికి వేరుగా చప్పిడి కూర వండుతారు. మేమూ మొదటి నెల అదే చేశాం. నాన్న పళ్ళెం పక్కన మా పళ్ళేలు పెట్టుకుని, ఆయన ఒక్కరికే వేరే గిన్నెలోంచి వడ్డించడం చూస్తుంటే నాకే ముద్ద దిగేది కాదు. ఆయన ఏమీ అనకుండా ఆ చప్పిడి పప్పులోకి రెండు చెంచాల ఆవకాయ కలుపుకునేవారు.

ఆవకాయ లెక్క చూద్దాం. కిలో ముక్కలకు పావుకిలో ఉప్పు వేసి, కారం, ఆవపిండి, నూనె కలిపితే మొత్తం రెండు కిలోల దాకా అవుతుంది. అందులో ఎనిమిదో వంతు ఉప్పే. 10 గ్రాముల ఊరగాయలో గ్రామున్నర కంటే కాస్త తక్కువ ఉప్పు ఉంటుంది. నాన్న రోజూ వేసుకునే రెండు చెంచాలు 20 గ్రాములు, అంటే రెండున్నర గ్రాముల ఉప్పు. పప్పులో మేము కష్టపడి తగ్గించింది ఆయన వాటాకు రెండు గ్రాములు కూడా కాదు. వేరుగా వండిన శ్రమంతా ఒక్క ఆవకాయ ముక్కతో తిరిగి వచ్చేసింది.

అందుకని నా సలహా ఇది. వేరుగా వండకండి, ఇంటిల్లిపాదికీ కలిపి తగ్గించండి. గిన్నెలో తగ్గించే ముందు పళ్ళెం పక్కన చేరేవాటిని తగ్గించండి. ఊరగాయ, అప్పడం, వడియం, మజ్జిగ మిరపకాయ, కారప్పొడి, మజ్జిగలో ఉప్పు, వీటిలో ఒక్కటి మానినా నాలుక పెద్దగా గొడవ చెయ్యదు, ఎందుకంటే భోజనంలోని అసలు రుచి అలాగే ఉంటుంది. అప్పడాల ప్యాకెట్ మీద 100 గ్రాములకు 2000 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే, 10 గ్రాముల ఒక్క అప్పడంలో అర గ్రాము ఉప్పు. నూడుల్స్ పొట్లం ఒక్కటి తింటే సోడియం వెయ్యి మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉండవచ్చు, రోజు హద్దులో సగం అదే. మా అమ్మాయికి ఈ లెక్క నేర్పితే దుకాణంలో ప్యాకెట్ తిప్పి తనే చదువుతోంది. బేకరీ సరుకులో వంట సోడా కూడా ఉంటుందనీ, అదీ సోడియమేననీ తనే నాకు గుర్తుచేసింది.

పక్కవాటి తరవాత గిన్నెలోకి రావాలి. ఒక్కసారిగా సగం చెయ్యాలా, మెల్లమెల్లగా దించాలా అంటే, డాక్టరు గట్టిగా చెప్పిన గుండె జబ్బు లాంటివి ఉంటే వెంటనే. లేకపోతే మెల్లగానే. నాలుక తక్కువ ఉప్పుకు అలవాటుపడడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒకసారి అలవాటుపడ్డాక పాత రుచే ఉప్పగా అనిపిస్తుంది. మేము రెండు వారాలకొకసారి ఒక్కో వంటకంలో ఒక గ్రాము చొప్పున తగ్గించాం. అమ్మ చేతి అంచనాను మార్చడం కుదరలేదు కాబట్టి డబ్బాలో పెద్ద చెంచా తీసేసి, ఒక గ్రాము పట్టే చిన్న ప్లాస్టిక్ చెంచా పెట్టాం. "పప్పుకు ఆరు" అని అంకెతో చెప్పుకోవడం వచ్చింది. ఇది చాలా చిన్న మార్పు, కానీ మాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఇదే.

మన చిత్తూరు వైపు వంటలో ఒక చిక్కుంది. ఉప్పు తగ్గిస్తే నిమ్మకాయ పిండండి, చింతపండు వెయ్యండి అని అందరూ చెబుతారు. వేపుళ్ళకు, పప్పులకు, ఉడికించిన అలసందలకు అది నిజమే, దించాక నిమ్మరసం పిండితే తక్కువ ఉప్పుతో సరిపోతుంది. కానీ పులుసుకు, ఊరిబిండికి ఆ మాట పనిచెయ్యదు. పులుపూ కారమూ ఎంత ఉంటే అంత ఉప్పు అడుగుతాయి. చింతపండు అలాగే ఉంచి, ఎండుమిరపకాయలు అలాగే ఉంచి ఉప్పు ఒక్కటే తీస్తే పులుపు గొంతు పట్టుకుంటుంది. వండినవాళ్ళకు ఇది తెలుసు. కాబట్టి పులుసుల్లో మూడూ కలిసి దిగాలి. ఊరిబిండికి అమ్మ ఇప్పుడు ఎలా చేస్తుందంటే, చింతపండు సగం, మిరపకాయలు రెండు తక్కువ, వేయించిన వేరుశనగ గింజలు ఇంకో గుప్పెడు ఎక్కువ, ఉల్లిపాయ రోట్లో చివర్న కచ్చాపచ్చాగా దంచడం. గింజల కమ్మదనం, ఉల్లి తీపి పైకి వస్తాయి. 5 గ్రాముల చోట 3 సరిపోయింది. సంగటిలో ఉప్పు వెయ్యడం పూర్తిగా మానేశాం. ఆ ముద్ద చప్పగా ఉంటేనే ఊరిబిండి రుచి తెలుస్తుందని నాన్నే అంటున్నారు.

ఉప్పు ఎప్పుడు వెయ్యాలన్నదీ ముఖ్యమే. వేపుడులో మొదట వేస్తే ముక్క లోపలికి పోతుంది, దించేముందు పైన చల్లితే అదే ఉప్పు నాలుకకు ముందుగా తగులుతుంది. బెండకాయకు 4 గ్రాముల నుంచి 2కు అలాగే వచ్చాం. పప్పులో కూడా ఎనిపి, తాలింపు పెట్టాకే వేస్తున్నాం. మదనపల్లె టమోటా బాగా పండినది వేసిన రోజు చారుకు ఉప్పు తక్కువే పడుతుంది. దోశ పిండిలో 4, చట్నీలో 2. ఇలా అన్నీ దిగాక ఇప్పుడు రోజుకు 21 గ్రాములు, కిలో ప్యాకెట్ 47 రోజులు వస్తోంది. 62 ఇంకా దూరమే. కానీ 26 నుంచి బయలుదేరినవాళ్ళం.

ఇంత చేస్తే బీపీ ఎంత దిగుతుంది? రోజుకు నాలుగు గ్రాముల పైచిలుకు ఉప్పు తగ్గితే, బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె సగటున 5 దాకా తగ్గుతుందని ఎన్నో పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. మాత్ర మానెయ్యడానికి ఇది కారణం కాదు. అంకెలు దిగుతుంటే ఆ పుస్తకం డాక్టరుకు చూపించాలి, మాత్ర సంగతి ఆయన చూసుకుంటారు.

బయట తినేటప్పుడు

హోటల్లో ఉప్పు ఎంతుందో కనుక్కునే మార్గం లేదు, కాబట్టి తినే మోతాదు చూసుకోవడమే దారి. ఇడ్లీని గిన్నెడు సాంబారులో ముంచుకుని, మళ్ళీ పోయించుకుని తాగడం కంటే కాస్త చట్నీతో తినడం మేలు. ఉప్పంతా ఆ పలచటి వాటిలోనే ఎక్కువగా లోపలికి పోతుంది. అలిపిరి మెట్లెక్కేటప్పుడు ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కారం మాత్రం అద్దించుకోండి, పుల్లటి ముక్కకు అది చాలు. ప్రసాదంగా చేతిలో పెట్టిన పులిహోరకు, దద్దోజనానికి లెక్కలు కట్టవద్దు. పిడికెడు ప్రసాదం కాదు మన బీపీని పెంచేది.

తగ్గించకూడని వాళ్ళు

మన ఎండలకు చెమటలో ఉప్పంతా పోతుంది కదా, మజ్జిగలో కాస్త వేసుకోకపోతే ఎలా అని అడుగుతారు. నీడపట్టున ఉండేవాళ్ళకు తిండిలో ఉన్నది చాలు. నడి ఎండలో రోజంతా పొలంలోనో, కట్టడాల దగ్గరో పనిచేసేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు ఉప్పేసిన మజ్జిగ అవసరమే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలిపి తాగించాలి. అందులో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఉప్పు తగ్గిస్తున్నామని ఆ సమయంలో దాన్ని మానకూడదు. నీటి మాత్రలు వేసుకునే పెద్దవయసువాళ్ళలో కొందరికి రక్తంలో సోడియం పడిపోతుంది. మాట తడబడడం, మగతగా ఉండడం, నడకలో తూలడం కనిపిస్తే ఉప్పు గురించి ఇంట్లోనే నిర్ణయాలు తీసుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఊరగాయ సంగతి ఒకటి మిగిలింది. వేసవిలో మా వైపు మామిడికాయలు దిగగానే ఈసారి ఆవకాయలోనే ఉప్పు తగ్గిద్దామని నేను అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు, ఆమెదే సరైన మాట. ఏడాది నిలవుండే ఊరగాయను కాపాడేది ఆ ఉప్పే. అది తగ్గితే బూజు పడుతుంది, జాడీ మొత్తం పారెయ్యాలి. నిలవ ఊరగాయా, అప్పటికప్పుడు చేసే పచ్చడా అన్నదే ఇక్కడ ఎంచుకోవాల్సింది. ఈ ఏడాది జాడీ ఎప్పటిలా ఉప్పుతోనే పెట్టాం, కాకపోతే నాలుగు కిలోల కాయలకు బదులు కిలోన్నర. మిగిలిన కాయల్ని వారానికి రెండేసి కోరి, తక్కువ ఉప్పుతో, కొబ్బరి కలిపి పచ్చడి చేస్తున్నాం. అది ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే ఉంటుంది. జాడీ ఇప్పుడు భోజనాల బల్ల మీద ఉండడం లేదు, పై అరలోకి వెళ్ళింది. ఆదివారం అమ్మ దించి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క వేసి, గుడ్డ కట్టి మళ్ళీ పైన పెడుతుంది. నాన్న ఆ ముక్కను చివరి మజ్జిగన్నం దాకా పళ్ళెం అంచున దాచుకుంటారు.